వేట బోటుకు ట్రాన్స్‌పాండర్: నమోదు నుంచి రేవు దాటేదాకా

సముద్రంలో వేటకు వెళ్లే బోటుకు బిగించే ట్రాకింగ్ పరికరం తాను ఉన్న చోటును ఒడ్డుకు చెబుతుంది. ఆ బోటు ఎవరిది, ఏ రేవు నుంచి బయలుదేరింది, ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి పరికరానికి తెలియవు. అవన్నీ నమోదు వివరాల్లో ఉంటాయి. పరికరాన్ని బిగించడానికి మెకానిక్‌కు ఒక పూట చాలు. దాని వెనుక ఉండే వివరాలను తప్పుల్లేకుండా నింపడం, మారినప్పుడల్లా సరిచేయించడం యజమాని పని. అది ఇంకొకరు చేసిపెట్టేది కాదు. ఆపదలో పడిన బోటు నుంచి సంకేతం అందినప్పుడు కోస్ట్‌గార్డు అధికారి కళ్ల ముందు కనిపించేది ఒక సంఖ్య. ఆ సంఖ్యకు ఎదురుగా బోటు అమ్మేసిన పాత యజమాని పేరు, ఎప్పుడో ఆగిపోయిన ఫోన్ నంబరు ఉంటే విలువైన మొదటి గంట ఆ వాకబులోనే గడిచిపోతుంది.

2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక ఏలూరు జిల్లాకు సముద్రం లేదు. తాడేపల్లిగూడెం, భీమవరం, నరసాపురం ఉన్న పశ్చిమగోదావరి జిల్లాకు సుమారు 19 కిలోమీటర్ల తీరం మిగిలింది. అదంతా నరసాపురం, మొగల్తూరు మండలాల్లోనే ఉంది. వేములదీవి, చినమైనవానిలంక, పేరుపాలెం వంటి ఊళ్ల వేటగాళ్లకు వశిష్ఠ గోదావరి మొగ, అవతలి ఒడ్డున అంతర్వేది రేవు దగ్గర. కొల్లేరు నీళ్లు ఉప్పుటేరు గుండా వచ్చి కలిసేదీ ఈ తీరంలోనే. కొల్లేట్లో తిరిగే తాటి దోనెలకు, చేపల చెరువుల్లో మేత చల్లే పడవలకు ఈ అధ్యాయంలోని నిబంధనలు వర్తించవు. ఉప్పుటేరు దాటి ఉప్పునీట్లో వేటాడే బోటుకే ఇవి వర్తిస్తాయి. తీరంలో కుటుంబం, తాడేపల్లిగూడెంలోనో భీమవరంలోనో చదువుకునే పిల్లలు ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఆన్‌లైన్ దరఖాస్తు పని చాలావరకు ఆ పిల్లల చేతిమీదుగానే నడుస్తుంది కాబట్టి ఇందులోని వివరాలు వాళ్లకూ కావాలి.

బోటు నమోదుకు ఇప్పుడున్న పట్టింపు 2008 నవంబర్‌తో మొదలైంది. పోర్‌బందర్‌కు చెందిన ‘కుబేర్’ అనే వేట బోటును ఉగ్రవాదులు సముద్రంలో పట్టుకుని, ఆ బోటు మీదే ముంబై దగ్గరి దాకా వచ్చి, దాని సరంగును చంపారు. వేలాది బోట్ల మధ్య దాన్ని ఎవరూ గుర్తుపట్టలేకపోయారు. ఆ తర్వాతే తీర రాష్ట్రాలన్నిటికీ ఒకే పద్ధతిలో నమోదు సంఖ్యలు, ఒకే ఆన్‌లైన్ వ్యవస్థ వచ్చాయి. ఆ వ్యవస్థ పేరు రియల్‌క్రాఫ్ట్. మత్స్యశాఖ జారీ చేసే సంఖ్య ‘ఐఎన్‌డీ’ అన్న దేశ గుర్తుతో మొదలవుతుంది. తర్వాత రాష్ట్రానికి ‘ఏపీ’, ఆపైన జిల్లా సంకేతం, బోటు రకం, చివర వరుస సంఖ్య ఉంటాయి. రకాన్ని చూపే అక్షరాల్లో ‘ఎంఎం’ అంటే మెకనైజ్డ్ బోటు, ‘ఎంవో’ అంటే మోటారు బిగించిన బోటు. ఈ రెండింటి తేడా చిన్నది కాదు. ఇంజిను బోటు లోపల స్థిరంగా ఉండి, వల లాగడానికి కూడా దాని శక్తినే వాడుకునేది మెకనైజ్డ్. ఫైబర్ బోటుకో తెప్పకో బయట మోటారు తగిలించుకుని, వల చేత్తో లాగేది మోటారు బోటు. వేటాడదగిన దూరం, డీజిల్ రాయితీ, అనుమతి పత్రం అన్నీ ఈ రకాన్ని బట్టే తేలతాయి.

ట్రాకింగ్ పరికరం నమోదుకు మొదటి మెట్టు బోటు నమోదే. దరఖాస్తు రియల్‌క్రాఫ్ట్‌లో పెట్టినా, గ్రామ సచివాలయంలోని మత్స్య సహాయకుడి ద్వారా పెట్టినా చివరికి మత్స్యశాఖ అధికారి రేవుకు వచ్చి బోటును కళ్లతో చూడాల్సిందే. పొడవు, వెడల్పు, ఇంజిను సంఖ్య, కట్టిన యార్డు పత్రం, ఇంజిను కొన్న బిల్లు సరిచూస్తారు. చిక్కులు ఎక్కువగా ఇంజిను దగ్గరే వస్తాయి. పాత ఇంజిను పాడై కొత్తది వేయించినవారు మెకానిక్‌కు డబ్బు కట్టి ఊరుకుంటారు తప్ప నమోదు పత్రంలో మార్పించరు. పత్రంలో ఒక సంఖ్య, బోటులో ఇంకో సంఖ్య ఉన్నప్పుడు తనిఖీ ఆగుతుంది. బీమా క్లెయిము కూడా చిక్కుల్లో పడుతుంది. ఇంజిను మార్చిన వారంలోనే బిల్లు, ఇంజిను పలక ఫోటో తీసుకుని మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లడం ఒక అలవాటుగా మారాలి.

బోటు పత్రం చేతికి వచ్చాక పరికరం సంగతి. రేవులో ‘జీపీఎస్ పెట్టించాం’ అని అందరూ ఒకే మాట అంటారు గానీ, బోటు మీద ఉండే పెట్టెలు నాలుగైదు రకాలు. ఒక్కోదానికి ఒక్కో సంఖ్య, ఒక్కో నమోదు ఉంటుంది. జీపీఎస్ ప్లాటరు సరంగుకు దారి చూపుతుంది, ఒడ్డుకు ఏమీ పంపదు. దానికి నమోదు అక్కర్లేదు. 2019లో వచ్చిన జెమిని పరికరం హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ పంపే తుపాను హెచ్చరికలను, చేపలు దొరికే చోట్ల సమాచారాన్ని ఉపగ్రహం ద్వారా బోటుకు చేరుస్తుంది. బోటు నుంచి తిరిగి కబురు పంపలేదు. ఇస్రో తయారుచేసిన ఆపద సంకేత పరికరం డ్యాట్ మీట నొక్కినప్పుడే పనిచేస్తుంది. మొదటి తరం డ్యాట్‌లో సంకేతం వెళ్లిందో లేదో సముద్రంలో ఉన్నవారికి తెలిసేది కాదు. 2024లో వచ్చిన రెండో తరంలో ‘అందింది’ అన్న జవాబు బోటుకు తిరిగి వస్తుంది. పెద్ద బోట్ల మీద ఉండే ఏఐఎస్ పరికరం వీహెచ్‌ఎఫ్ రేడియో తరంగాల మీద తన ఉనికిని చుట్టుపక్కల ఓడలకు, తీరంలోని కేంద్రాలకు ప్రకటిస్తూ ఉంటుంది. రాత్రివేళ కాకినాడ, విశాఖ ఓడరేవులకు వచ్చిపోయే సరుకు ఓడల తెర మీద చిన్న బోటు కనబడేది దీనివల్లే.

ఇక ఇప్పుడు అందరూ మాట్లాడుకుంటున్న ట్రాన్స్‌పాండర్. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద దేశంలోని 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో లక్ష బోట్లకు దీన్ని ఉచితంగా బిగించే పథకానికి 364 కోట్ల రూపాయలు కేటాయించారు. 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రధాని దాన్ని ప్రారంభించారు. పరికరాన్ని ఇస్రో రూపొందించింది. పథకం అమలు ఇస్రో వాణిజ్య సంస్థ న్యూస్పేస్ ఇండియా చేతిలో ఉంది. ఫోన్ సిగ్నల్ తీరం నుంచి కొన్ని కిలోమీటర్లకే ఆగిపోతుంది. ట్రాన్స్‌పాండర్ నేరుగా ఉపగ్రహంతో మాట్లాడుతుంది కాబట్టి 200 నాటికల్ మైళ్ల దాకా కబురు అందుతుంది. సరంగు తన ఫోన్‌లో నభ్‌మిత్ర యాప్ పెట్టుకుని బ్లూటూత్‌తో పరికరానికి కలుపుకుంటే చిన్న సందేశాలు పంపవచ్చు, అందుకోవచ్చు. వాతావరణ హెచ్చరికలు సొంత భాషలో వస్తాయి. అంతర్జాతీయ సరిహద్దు దగ్గరపడితే అప్రమత్తం చేస్తుంది.

ఆ చివరి సౌకర్యం ఎంత విలువైనదో ఉత్తరాంధ్ర కుటుంబాలకు తెలుసు. 2018 నవంబర్‌లో గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల మత్స్యకారులు తెలియకుండానే సరిహద్దు దాటి పాకిస్తాన్ అధికారులకు చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. పద్నాలుగు నెలలు ఆ ఇళ్లలో సంపాదించేవాళ్లు లేరు. సముద్రం మీద గీత కనబడదు. పరికరం మోగితేనే తెలుస్తుంది.

ట్రాన్స్‌పాండర్ కోసం వెళ్లే యజమాని దగ్గర ఉండాల్సినవి కొన్నే: బోటు నమోదు పత్రం, అమల్లో ఉన్న వేట లైసెన్సు, ఆధార్, వాడుకలో ఉన్న ఫోన్ నంబర్లు రెండు. రెండు అనడానికి కారణం ఉంది. యజమానే సరంగుగా వెళ్లే బోట్లు మన తీరంలో ఎక్కువ. అతని నంబరొక్కటే ఇస్తే ఆపదలో అధికారులు చేసే ఫోన్ సముద్రంలో, సిగ్నల్ లేని చోట అందదు. రెండో నంబరు ఒడ్డున ఉండే మనిషిది కావాలి: భార్య, తమ్ముడు, ఐస్ ఇచ్చే షావుకారు, ఎవరైనా సరే, రాత్రి ఫోన్ ఎత్తేవారు. పేరు ఆధార్‌లో, బోటు పత్రంలో, పరికరం నమోదులో ఒకే తీరుగా ఉందో లేదో చూసుకోవాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉండటం మన పత్రాల్లో మామూలే. కంప్యూటర్ మాత్రం వాటిని ఇద్దరు మనుషులుగా చూస్తుంది. ఈ పేర్ల తేడాను దరఖాస్తుకు ముందే సరిచేయించుకుంటే తర్వాతి తిరుగుడు సగం తగ్గుతుంది.

బిగించే రోజున యజమాని దగ్గరుండాలి. పెట్టె మీది పలకలో ఉన్న సంఖ్యను, రసీదులోని సంఖ్యను, నమోదులో ఎక్కించిన సంఖ్యను అక్కడే పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకే రేవులో ఒకే రోజు పదుల బోట్లకు బిగించేటప్పుడు ఒక బోటు పెట్టె ఇంకో బోటుకు వెళ్లే అవకాశం ఉంటుంది. అలా జరిగితే ఒక బోటు ఆపదలో ఉన్నప్పుడు వేరే ఇంటికి ఫోన్ వెళ్తుంది. బోటు నమోదు సంఖ్య, పెట్టె సంఖ్య రెండూ కనబడేలా ఒక ఫోటో తీసి ఇంట్లోవాళ్ల ఫోన్‌లో దాచుకుంటే మున్ముందు ఏ వివాదానికైనా అదే ఆధారం. యాంటెన్నా పైన ఆకాశం ఖాళీగా ఉండాలి. క్యాబిన్ కప్పు మీద ఇనుప రేకు కింద పెట్టినా, వల ఆరేసే కర్రల కింద పెట్టినా సంకేతం తెగుతుంది. ఉప్పుగాలికి తీగల అతుకులు తొందరగా తుప్పు పడతాయి కాబట్టి అతుకులను టేపుతో సరిపెట్టకుండా నీరు చొరని గొట్టంలో వేయించాలి.

ఏఐఎస్ పరికరానికి నమోదు వేరు. దానికి 9 అంకెల ఎంఎంఎస్ఐ గుర్తింపు సంఖ్య కావాలి. భారతదేశపు బోట్లకు అది 419తో మొదలవుతుంది. చిన్న బోట్లకు వాడే బి తరగతి పరికరాల్లో చాలావాటికి ఈ సంఖ్యను యజమాని ఒక్కసారే ఎక్కించగలడు. తప్పు పడితే డీలరు దగ్గరికో తయారీ సంస్థకో పంపాలి. అందుకే అనుమతి పత్రం చేతికి రాకముందే తొందరపడి ఏదో ఒక సంఖ్య కొట్టించకూడదు. పాత బోటు నుంచి తీసిన ఏఐఎస్‌ను కొత్త బోటుకు పెట్టుకునేవారు పాత సంఖ్యను చెరిపించి, కొత్తది ఎక్కించాకే విద్యుత్ ఇవ్వాలి. లేకుంటే సముద్రంలో ఆ బోటు వేరే పేరుతో తిరుగుతున్నట్టు కనిపిస్తుంది.

లోతు సముద్రంలోకి వెళ్లేవారికి 2025 నవంబర్‌లో కొత్త నియమాలు వచ్చాయి. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా వేట రాష్ట్రం పరిధిలోది. ఆంధ్రప్రదేశ్‌లో దానికి 1994 నాటి సముద్ర వేట నియంత్రణ చట్టం ఉంది. 12 మైళ్ల నుంచి 200 మైళ్ల దాకా ఉన్న ప్రత్యేక ఆర్థిక మండలంలో వేటకు కేంద్ర నియమాలు వర్తిస్తాయి. వాటి ప్రకారం మెకనైజ్డ్ బోట్లు, పెద్ద మోటారు బోట్లు రియల్‌క్రాఫ్ట్‌లో యాక్సెస్ పాస్ తీసుకోవాలి. దానికి రుసుము లేదు. సంప్రదాయ మత్స్యకారుల చిన్న బోట్లకు పాస్ నుంచి మినహాయింపు ఉంది. ట్రాన్స్‌పాండర్, క్యూఆర్ కోడ్ ఉన్న ఆధార్ లేదా మత్స్యకార గుర్తింపు కార్డు ఈ ఏర్పాటులో భాగం. చేపల ఎగుమతికి కావాల్సిన పట్టుబడి ధ్రువపత్రాలను కూడా అదే వ్యవస్థకు కలుపుతున్నారు. కొనేవాడు సముద్రం అవతల ఉన్నా, ఈ రొయ్య, ఈ ట్యూనా ఎక్కడ పట్టినవని అడుగుతాడు. శ్రీలంకకు ఆ పాఠం కష్టంగానే వంటబట్టింది. తన బోట్ల మీద సరైన నిఘా లేదన్న కారణంతో 2015లో యూరప్ దేశాలు ఆ దేశపు చేపల దిగుమతిని ఆపేశాయి. లోతు సముద్రపు బోట్లకు ట్రాకింగ్ పరికరాలు బిగించడం వంటి దిద్దుబాట్లు జరిగాకే 2016లో ఆ నిషేధం ఎత్తివేశారు.

పరికరం పెట్టించుకోవడానికి వెనకాడేవారి భయం కొట్టిపారేయదగ్గది కాదు. చేప దొరికే చోటు వేటగాడి ఆస్తి. ఏళ్ల తరబడి నీటి రంగు, పోటుపాటు, పక్షుల తీరు గమనించి సంపాదించుకున్న జ్ఞానం అది. అది పక్క బోటుకు తెలిసిపోతుందేమోనన్న బెంగ సహజం. ఏఐఎస్ విషయంలో ఆ భయంలో నిజం ఉంది. దాని ప్రసారాన్ని పరికరం ఉన్న ఎవరైనా అందుకోవచ్చు. ట్రాన్స్‌పాండర్ సంగతి వేరు. అది ఉపగ్రహం ద్వారా ప్రభుత్వ కేంద్రానికి వెళ్తుంది, పక్క బోటు తెర మీద కనబడదు. మరో భయం జరిమానాది. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు నీళ్లు సంప్రదాయ మత్స్యకారులకు కేటాయించినవి. అక్కడ మెకనైజ్డ్ బోటు వల వేస్తే జాడ నిలిచిపోతుంది. ఈ విషయంలో పరికరం చిన్న వేటగాడి పక్షాన నిలబడుతుందనే చెప్పాలి. పెద్ద బోటు వచ్చి తన వల చింపిందని చెప్పుకునే తెప్ప మనిషికి ఇన్నాళ్లూ సాక్ష్యం ఉండేది కాదు. నియమం పాటించే మెకనైజ్డ్ బోటుకూ అదే జాడ రక్షణ. ఫలానా రాత్రి తాను 8 కిలోమీటర్లకు అవతలే ఉన్నానని చూపించగలదు. గోదావరి మొగ ఎదుట చమురు, గ్యాస్ వేదికల చుట్టూ 500 మీటర్ల నిషిద్ధ వలయం ఉంటుంది. అక్కడి వివాదాల్లోనూ మాటకు మాట కన్నా స్థాన వివరం ఎక్కువ పనికొస్తుంది.

ప్రతి వేటకు ముందు పరికరం ఆన్ చేసి, ఫోన్‌కు కలిసిందో లేదో, బ్యాటరీ నిండా ఉందో లేదో రేవులోనే చూసుకోవాలి. ఒక మామూలు సందేశం పంపి, ఇంటికి చేరిందని ఖాయం చేసుకున్నాక మొగ దాటడం మంచిది. ఆపద మీటను మాత్రం పరీక్ష కోసం నొక్కకూడదు. పొరపాటున నొక్కితే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1554కు ఫోన్ చేసి చెప్పాలి. అది కోస్ట్‌గార్డు నంబరు, రుసుము ఉండదు. తీర భద్రత పోలీసులకు 1093. సిగ్నల్ అందని చోట వీహెచ్‌ఎఫ్ రేడియో ఉంటే 16వ ఛానెల్‌లో చెప్పాలి. తప్పుడు సంకేతమని తెలిసేదాకా అధికారులు దాన్ని నిజమైన ఆపదగానే చూస్తారు. తూర్పు తీరంలో గాలింపు పనిని చెన్నైలోని సముద్ర రక్షణ సమన్వయ కేంద్రం నడుపుతుంది. మన తీరానికి దగ్గరలో కాకినాడ, నిజాంపట్నంలలో కోస్ట్‌గార్డు స్థావరాలున్నాయి. ఒక అబద్ధపు గాలింపుకు వెళ్లిన ఓడ, అదే సమయంలో నిజంగా మునుగుతున్న ఇంకో బోటుకు దూరమవుతుంది.

ఫోన్‌లో స్థానం చెప్పేటప్పుడు జరిగే ఒక పొరపాటు ప్రాణాల మీదికి తెస్తుంది. అక్షాంశాన్ని కొన్ని తెరలు డిగ్రీలు, నిమిషాల్లో చూపుతాయి, కొన్ని దశాంశాల్లో. 15 డిగ్రీల 50 నిమిషాలు వేరు, 15.50 డిగ్రీలు వేరు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 15.50 అంటే 15 డిగ్రీల 30 నిమిషాలు. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. ఈ రెండు లెక్కలకు తేడా 20 నాటికల్ మైళ్లు, దాదాపు 37 కిలోమీటర్లు. చెప్పేవాడు ‘పదిహేను, యాభై’ అని ఆపేస్తే వినేవాడికి ఏదని తెలియదు. ‘పదిహేను డిగ్రీల యాభై నిమిషాలు’ అనో, ‘పదిహేను పాయింటు ఐదు సున్నా డిగ్రీలు’ అనో పూర్తిగా చెప్పాలి. సరంగుతో పాటు కనీసం ఇంకో కళాసీకి ఇది చదవడం నేర్పి ఉంచాలి. జబ్బుపడేదీ, నీళ్లలో పడేదీ సరంగే కావచ్చు.

తుపాను రోజుల్లో ఈ ఏర్పాటు మొత్తం అక్కరకొస్తుంది. 1996 నవంబర్ 6న కోనసీమను దెబ్బతీసిన తుపానులో సముద్రం మీద ఉన్న ఎందరో మత్స్యకారులు తిరిగి రాలేదు. బోటు ఏ దిక్కున ఉందో ఒడ్డున తెలిసే మార్గం ఆనాడు లేదు. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గరలోనే తీరం దాటినప్పటికి హెచ్చరికలు రోజుల ముందే అందాయి, బోట్లు రేవుల్లో ఉన్నాయి. అయినా వాయుగుండం ఏర్పడక ముందే వేటకు వెళ్లి, వారం దాకా సముద్రంలో ఉండే బోటుకు ఆ కబురు చేరేది ఉపగ్రహం ద్వారానే. ట్రాన్స్‌పాండర్‌ను బ్యాటరీ పొదుపు కోసం ఆపేసిన బోటు ఆ కబురు అందుకోదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం. వల అల్లడానికి, బోటుకు రంగు వేయడానికి వాడుకునే ఆ రోజుల్లోనే నమోదు పనులు కూడా పెట్టుకోవడం తెలివైన పని. లైసెన్సు గడువు, బీమా గడువు, ఫోన్ నంబర్లు, సిబ్బంది వివరాలు, పరికరం తీగలు ఒకసారి చూసుకోవాలి. 2025 నుంచి ఒక్కో అర్హ కుటుంబానికి 20,000 రూపాయల నిషేధ భృతి ఇస్తున్నారు. దానికి జాబితా తయారుచేసే అధికారులు బోటు దగ్గరికి వచ్చేదీ ఈ రోజుల్లోనే. నమోదు లేని బోటు ఆ జాబితాకు ఎక్కదు. డీజిల్ రాయితీ కూడా నమోదు, లైసెన్సు ఉన్న బోటుకే.

బోటు అమ్మేటప్పుడు పరికరం గురించి ఒప్పందంలో విడిగా రాసుకోవాలి. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన ట్రాన్స్‌పాండర్ ఆ బోటు పేరున నమోదైనది. దాన్ని విప్పి వేరే బోటుకు పెట్టుకోవడం గానీ, విడిగా అమ్ముకోవడం గానీ కుదరదు. యజమాని మార్పును ముందు బోటు పత్రంలో, ఆ తర్వాత పరికరం నమోదులో, చివరగా బీమాలో చేయించాలి. నిజాంపట్నంలో కొన్న బోటును నరసాపురం తెచ్చుకున్నవారు రేవు మార్పు కూడా తెలపాలి. ఆ పని పూర్తయ్యేదాకా పాత యజమాని ఫోన్‌కే కబుర్లు వెళ్తుంటాయి, కొత్త యజమాని చేసిన ఉల్లంఘనకు నోటీసు అతనికే వస్తుంది. అమ్మినవాడికీ కొన్నవాడికీ నష్టమే కాబట్టి ఇద్దరూ కలిసి మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లి, మిగిలిన డబ్బు అక్కడే చేతులు మార్చుకోవడం మేలు. బోటు పనికిరాక విప్పేస్తుంటే నమోదు రద్దు దరఖాస్తుతో పాటు ట్రాన్స్‌పాండర్‌ను అధికారికి అప్పగించి రసీదు తీసుకోవాలి. డ్యాట్ పెట్టె ఉంటే దాన్నీ ఇచ్చేయాలి. పాత సామాన్ల కొట్టుకు చేరిన డ్యాట్ మీట ఎవరో నొక్కితే, లేని బోటు కోసం నిజమైన గాలింపు మొదలవుతుంది.